అన్నపు మెతుకు వెనుక అడవి బంధువులు

నేరేడ్‌మెట్ కూడలినుండి సఫిల్‌గూడ చెరువుగట్టు వైపునకు గాని, రామకృష్ణాపురము చెరువు వైపునకు గాని సాగిపోవు వీథులలో బియ్యపు దుకాణమొకటి కనబడక మానదు. దాని ముంగిట దొంతరలుగా పేర్చిన సంచులమీద వ్యాపారులు ముద్రించుకొన్న దేవతల బొమ్మలును, పూలగుర్తులును ఎన్ని విధములుగా నున్నను, ముడి విప్పి దోసిట పోసి చూచినచో అందు చాలభాగము కొలదిపాటి సన్నరకముల బియ్యమే. కంటోన్మెంటును ఆనుకొని, సైనికోద్యోగులతోను, ఉద్యోగవిరమణ చేసినవారితోను, బ్రతుకుతెరువునకై జిల్లాలనుండి తరలివచ్చిన కుటుంబములతోను పెరిగిన యీ పేటలో వరంగల్లు మాటయు, కర్నూలు యాసయు, గోదావరి పలుకుబడియు కలగలసి వినిపించుచున్నను, భోజనము దగ్గరకు వచ్చునప్పటికి ఎక్కువమంది నోట వచ్చు పేరు ఒక్కటియే, సాంబ మసూరి. జనులెల్లరు ఒకే ధాన్యమును ఇష్టపడుట తప్పు కాదు. కాని ఒకే ధాన్యమును నమ్ముకొన్న సేద్యమునకు ప్రకృతి ఎప్పుడో ఒకప్పుడు పరీక్ష పెట్టును. ఆ పరీక్షలో దానిని నిలువబెట్టునవి మన మెన్నడును వండుకొని తిననొల్లని, పేరైన నెరుగని గడ్డిజాతులును నాటురకములునే యను సంగతిని ఈ వ్యాసమున వివరింపదలచితిని.

సాంబ మసూరి బాపట్లలో పుట్టినది. అక్కడి వ్యవసాయ పరిశోధకులు రూపొందింపగా 1986లో విడుదలయైన బీపీటీ 5204 అను రకమే అది. రైతులు వాడుకలో ‘బీపీటీలు’ అందురు, వర్తకులు కొందరు కర్నూలు సోనా యందురు. దాని వంశమును పరిశీలించినచో ఆశ్చర్యము కలుగును. ఒక వైపున 1921 నాటికే కోయంబత్తూరులో ఎన్నుకోబడి, నాణ్యతకు పెట్టినది పేరై దక్షిణదేశమంతట వ్యాపించిన జీఈబీ 24. దానికి జోడుగా తైవాను ద్వీపమునుండి వచ్చిన పొట్టిరకము తైచుంగ్ నేటివ్ 1. ఆ రెంటి సంతతితో కలిసినది మసూరి. ఆ మసూరియైనను, కటకములో ఆరంభమైన అంతర్జాతీయ సంకరణ ప్రయత్నమునందు తైవాను దేశపు జపానికా రకమునకును మలయా దేశపు ఇండికా రకమునకును కలిగి, మలేషియాలో ఎంపికయై, మరల మన దేశమునకు తిరిగివచ్చినది. కాబట్టి తమిళదేశపు రుచియు, తైవాను పొట్టితనమును, మలయా వడ్ల సన్నదనమును కృష్ణాతీరపు మళ్ళలో ఒక్కటై మన విస్తరిలోనికి చేరినవి.

ఇంతటి కులీనురాలైన యీ సాంబ మసూరి మిక్కిలి సుకుమారి. పంటకాలము నూటనలువది దినములకు మించును. ఎరువు ఎక్కువైనచో తెగుళ్ళను ఆహ్వానించును. అగ్గితెగులునకును సుడిదోమకును తేలికగా లొంగును. వానికి తోడు బాక్టీరియా ఆకు ఎండు తెగులు సోకినచో ఆకు అంచులు పసుపువారి, పైనుండి క్రిందికి గడ్డివలె ఎండిపోయి, పాలుపోసుకొనవలసిన గింజ తాలుగా మిగులును. గాలివానలు ఉధృతమైన కొలదియు ఆకులు ఒకదానితో నొకటి ఒరసికొని చిరుగుటయు, ఆ గాయములగుండ క్రిమి లోనికి ప్రవేశించుటయు, వాననీటితో మడినుండి మడికి ప్రాకుటయు అధికమగును. ఈ తెగులు పొలమున నెలకొన్న పిమ్మట దానిని నమ్మకముగా నయముచేయు మందు లేదు. ఓర్చుకొను గుణము మొక్క రక్తములోనే యుండవలెను, సాంబ మసూరి రక్తములో నది లేదు.

ఉన్నదెక్కడ? పడమటి ఆఫ్రికా ఖండమున మాలి దేశపు చిత్తడి నేలలలో ఒరైజా లాంజిస్టామినాటా అను అడవివరి యొకటి పెరుగును. నేలలోపల దుంపవేళ్ళతో ప్రాకి, గింజ పండగానే రాల్చివేయు ఈ జాతిని అచటి వరిరైతులు కలుపుగా భావించి పెరికివేయుదురు. దాని నమూనా యొకటి కటకములోని వరి పరిశోధన సంస్థకు చేరినపుడు, మన దేశములోని ఎండుతెగులు క్రిమి దానిని తాకలేకపోవుటను అచటి శాస్త్రజ్ఞులు గుర్తించిరి. ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థవారు ఆ గుణమును సాగువరిలోనికి దింపిరి. 1995లో ఆ జన్యువును అమెరికాలో వేరుచేసి దాని నిర్మాణమును కనుగొనిరి. ఎక్స్‌ఏ 21 అని దానికి పేరు. ఇట్లు సముద్రములు దాటివచ్చిన జన్యువును సాంబ మసూరికి ఇచ్చిన పని జరిగినది నేరేడ్‌మెట్‌కు ఏడెనిమిది కిలోమీటర్ల దూరమునందలి హబ్సిగూడలోని సీసీఎంబీ, అనగా కణ, అణుజీవశాస్త్ర పరిశోధన కేంద్రమునందును, రాజేంద్రనగరులోని వరి పరిశోధన సంస్థ పొలములలోను. డాక్టర్ రమేశ్ సోంటి, డాక్టర్ ఆర్.ఎం. సుందరము ప్రభృతులు ఇందు ముఖ్యులు.

వారు చేసిన పనిని సామాన్యపాఠకుడు తేలికగనే గ్రహింపవచ్చును. ఎక్స్‌ఏ 21తో కూడ తెగులును ఓర్చు మూడు జన్యువులు గల పంజాబు రకమొకదానిని సాంబ మసూరితో సంకరము చేసిరి. పుట్టిన పిల్లమొక్కలో సగము పంజాబు గుణము, సగము బాపట్ల గుణము. దానిని అట్లే యుంచినచో వంటయింట నొప్పుకొనరు. కనుక ఆ పిల్లను మరల సాంబ మసూరితోనే కలిపిరి. దాని పిల్లను మరల. ఇట్లు నాలుగు మారులు. ప్రతి మారును పరాయి రక్తము సగము సగముగా తగ్గును, సాంబ మసూరితనము పెరుగును. ఇందలి చిక్కేమనగా, ప్రతి తరమునందును పరాయి గుణముతోపాటు కావలసిన జన్యువు కూడ జారిపోవచ్చును. అది యున్నదో లేదో తెలియుటకు పూర్వము మొక్కను పెంచి, క్రిమిని అంటించి, వారములకొలది వేచియుండవలసి వచ్చెడిది. ఒకే మొక్కలో మూడు జన్యువులున్నవో ఒకటే యున్నదో ఆ పరీక్ష తేల్చలేకపోయెడిది. ఇప్పుడు లేత ఆకు తునక తీసి, అందలి డీఎన్‌ఏలో జన్యువు ప్రక్కన నుండు గుర్తును, అనగా మార్కరును చూచి, నారుదశలోనే ఉంచదగినదానిని ఉంచి తక్కినవానిని తొలగించుచున్నారు. పని సంకరణమే, పూర్వులు చేసినదే. చూపు మాత్రము సూక్ష్మమైనది. ఇతర జీవుల జన్యువును యంత్రసాధనముతో చొప్పించిన పంట యిది కాదు. 2008లో ‘ఇంప్రూవ్డ్ సాంబ మసూరి’ అను పేర వెలువడిన యీ రకములో మాలి దేశపు ఎక్స్‌ఏ 21తోపాటు మన ఉపఖండపు పాత నాటువడ్లనుండి వచ్చిన ఎక్స్‌ఏ 5, ఎక్స్‌ఏ 13 అను రెండు జన్యువులు కూడ కలవు. మూడెందులకనగా, క్రిమియు మారుచుండును; ఒక్క తలుపునకు తాళముచెవి సంపాదించినను మూడింటికి ఒకేసారి సంపాదించుట దానికి దుర్ఘటము. ఆ బియ్యము పాత సాంబ మసూరివలెనే ఉడుకును, తిన్నపిమ్మట రక్తములో చక్కెరను నెమ్మదిగా పెంచు గుణము కూడ దానికి కలదని పరీక్షలలో తేలినది.

వాతావరణము మారుచున్నదని నేడు అందరును చెప్పుచున్నారు; ఆ మార్పు పొలములో ఏ రూపమున కనబడునో చూడవలెను. వరి పూత విచ్చు ఆ గంటా రెండు గంటల వేళ గాలి వేడిమి 35 డిగ్రీలు దాటినచో పుప్పొడి చచ్చి గింజ తాలగును. పగలంతయు చల్లగా నుండి ఆ ఒక్క వేళ వేడిగా నున్నను చాలును. రాత్రులు వేడెక్కినచో మొక్క తాను కూడబెట్టినది శ్వాసకే ఖర్చు పెట్టుకొనును. ఋతువున కురియవలసిన వాన నాలుగు దినములలో కుంభవృష్టియై కురిసి, తరువాత నెల్లాళ్ళు మొగము చాటువేయును. ఒకే పొలము ఒకే సంవత్సరమున ముంపునకును బెట్టకును గురియగుట మన రైతునకు వింత కాదు. ఇట్టి కష్టములలో ముంపును గురించి కొంత విపులముగా చెప్పెదను. ఏలయన అందు తెలుగుగడ్డపై పుట్టిన వరియే కథానాయకుడు.

పశ్చిమ గోదావరి జిల్లాలోని మార్టేరు వరి పరిశోధన కేంద్రమువారు వశిష్ఠ, మసూరి అను రెండింటి సంకరమునుండి తీసిన ఎంటీయూ 7029 అను రకమునకు స్వర్ణ యని పేరు. 1982లో వెలువడినది మొదలు అది గోదావరి మళ్ళలో ఆగక, ఒరిస్సా, బెంగాలు, బీహారు, అస్సాము మొదలగు తూర్పు రాష్ట్రములలో లక్షల ఎకరములను ఆక్రమించినది. అచటి నదులకు వరదలు వచ్చినపుడు నాటిన పొలము వారము పదిదినములు నీటి అడుగున నుండుట కలదు. మునిగిన వరిమొక్క ఊపిరాడక ఏమి చేయుననగా, ఆకును నీటిపైకి పెట్టుటకై తన పిండిపదార్థమునంతయు ఖర్చుచేసి ఆత్రముగా పొడుగెదుగును; నీరు తీయునప్పటికి శక్తి నశించి వాలిపోయి చచ్చును. ఒరిస్సాలో ధళపుట్టియా అను నాటువరి మాత్రము వేరొక మార్గమును అనుసరించును. నీట మునుగగానే అది ఎదుగుదల నిలిపివేసి, నిద్రపోయినట్లుండి, తన నిల్వను కాపాడుకొని, నీరు తీసిన పిమ్మట కొత్త ఆకు వేయును. దానినుండి ఎంపిక చేసిన ఎఫ్‌ఆర్ 13ఏ అను రకము దశాబ్దములపాటు శాస్త్రజ్ఞులను ఊరించినది. ఎందుకనగా సామాన్య సంకరమున దాని ఓర్పుతోపాటు దాని తక్కువ దిగుబడియు, మోటు గింజయు వెంటవచ్చెడివి, రైతులు వానిని తిరస్కరించిరి. 1996లో ఆ గుణము తొమ్మిదవ క్రోమోజోమున నున్నదని తెలిసినది; 2006లో సబ్ 1ఏ అను జన్యువే దానికి కారణమని స్థిరపడినది. పిమ్మట మార్కరుల సహాయమున ఆ చిన్న ముక్కను మాత్రము స్వర్ణలోనికి తెచ్చిరి. 2009లో మన దేశమున విడుదలయైన స్వర్ణ సబ్ 1 రెండు వారముల ముంపును ఓర్చుకొని మరల చిగురించుచున్నది; వరద రాని యేట స్వర్ణకు ఏమాత్రము తీసిపోకుండ పండుచున్నది.

ధళపుట్టియాను తరతరములుగా కాపాడినవారు ఎవరు? నీట మునుగు పల్లపు మడి తప్ప గతిలేని పేదరైతులు. వారికి అది దిగుబడి యిచ్చు రకము కాదు, ప్రాణము నిలుపు రకము. మెట్టకు, మెరకకు, పల్లమునకు, చౌడునకు వేరువేరుగా విత్తనము దాచుకొన్న ఆ ముసలివారి పేర్లు ఏ పత్రికలోను అచ్చుపడలేదు. ఈ విషయమును తలచినపుడెల్ల మన కృతజ్ఞత చాలదని నాకు తోచును.

ఇట్టివే మరి రెండు ముచ్చటలు. వరంగల్లు ప్రాంతమును ఉల్లికోడు పీడించిన కాలమున ఈశ్వరకోర యను పాతవరి ఆ పురుగును నిలువరించుట గమనించి, దానిని సంకరముచేసి డబ్ల్యూ 1263 అను రకమును అచటి పరిశోధన కేంద్రమువారు తీసిరి. ఆ పురుగునకు వ్యతిరేకముగా శాస్త్రజ్ఞులు గుర్తించిన మొదటి జన్యువు దానిదే. ఇక కాటన్‌దొర సన్నాలు అని మన రైతులు ముద్దుగా పిలుచు ఎంటీయూ 1010 కృష్ణవేణికిని, ఫిలిప్పీన్సు సంస్థవారి ఐఆర్ 64కును బిడ్డ. ఆ ఐఆర్ 64 పూర్వులలో ఒరైజా నివారా అను అడవివరి కలదు. 1970 ప్రాంతమున ఆసియా ఖండమున వరిని కురుచచేసి పాడుచేయు వైరసు తెగులొకటి చెలరేగగా, దానిని ఓర్చు గుణమునకై ఆరువేలకు పైబడిన రకములను పరీక్షించిరి. నిలిచినది ఉత్తరప్రదేశమునుండి సేకరించిన ఆ అడవివరి నమూనా యొక్కటే. ఆ ఒక్క నమూనాను ఎవరో కోసి, పేరు వ్రాసి పంపకున్నచో ఆ వైరసునకు విరుగుడు చేతికి దొరకియుండెడిది కాదు. తెలంగాణలో నేడు విరివిగా పండుచున్న తెలంగాణ సోనా, అనగా ఆర్‌ఎన్‌ఆర్ 15048, ఎంటీయూ 1010 సంతానమే గనుక ఆ అడవివంశము మన పళ్ళెములోనికి కూడ వచ్చినట్లే.

వైవిధ్యము కొరవడినపుడు కలుగు ప్రమాదమునకు దృష్టాంతము దూరదేశములలో వెదుకనక్కరలేదు, అనంతపురము చాలును. వర్షచ్ఛాయలో నున్న ఆ జిల్లాలో దశాబ్దములకొలది లక్షల ఎకరములలో పెరిగినది వేరుశనగ. అందును మిక్కిలి భాగము తిండివనములో 1940లో విడుదలయైన టీఎంవీ 2 అను ఒక్కటే రకము. అది బెట్టకు తట్టుకొనును, తక్కువకాలమున కోతకు వచ్చును, విత్తనము అంతట దొరకును. రైతు దానిని విడువకపోవుటకు తగిన కారణము లున్నవి. 2000 సంవత్సరపు ఖరీఫున కాండము కుళ్ళు తెగులు రాగా సుమారు 2,25,000 హెక్టార్లలో పైరు దెబ్బతినినది. నష్టము 300 కోట్ల రూపాయలకు పైబడినదని అంచనా. టొబాకో స్ట్రీక్ అను వైరసు దానికి మూలము. పడావుభూములలో తెల్లని పూలతో విరగబూయు వయ్యారిభామ మొక్కలలో ఆ వైరసు దాగియుండి, దాని పుప్పొడిలో చేరును. పూలమీది తామరపురుగులు గాలిలో కొట్టుకొనివచ్చి ఆ పుప్పొడిని వేరుశనగ లేత ఆకులపై రాల్చి, గీకి, వైరసును ఎక్కించును. ఎక్కడ చూచినను ఒకే రకము, ఒకే వయస్సు, ఒకే బలహీనత. తెగులునకు ఊరిపొలిమేరలు కనబడలేదు.

ఇందు వేరుశనగ స్వభావము కూడ కొంత కారణము. దక్షిణ అమెరికాలో వేల సంవత్సరముల క్రిందట రెండు అడవిజాతులు యాదృచ్ఛికముగా కలిసి పుట్టిన ఒకానొక సంకరమునుండి ప్రపంచములోని సాగు వేరుశనగ యంతయు వచ్చినదని జన్యుశాస్త్రము చెప్పుచున్నది. అట్టి పుట్టుకవలన ఆ పంట అడవిలోని దాయాదులనుండి వేరుపడిపోయి, ఇరుకైన జన్యుసంపదతో మిగిలినది. ఈ వైరసును ఓర్చు గుణము పరిశోధకులకు కొన్ని అడవి వేరుశనగ జాతులలో కనబడినది గాని, వానిని సాగుపంటలోనికి తెచ్చుట వరియందువలె సులభము కాదు. ఆ లోపల రైతులకు చెప్పిన ఉపాయము చూడుడు: చేనిచుట్టు వయ్యారిభామను పూతకు ముందే పెరికివేయుడు, గాలికి అడ్డముగా జొన్న సాళ్ళు వేయుడు. తామరపురుగు జొన్న ఆకులమీద ఆగిపోవును. మన తాతలు ఏ శాస్త్రము చదువకయే వేరుశనగలో కందిసాళ్ళను, జొన్నసాళ్ళను కలిపి విత్తినవారు.

ఇపుడు నేరేడ్‌మెట్‌నుండి నగరమును దాటి పడమరగా పటాన్‌చెరువునకు పోవుదము. అచట 1972లో స్థాపితమైన ఇక్రిశాట్ అను అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ కలదు. నల్లరేగడియు ఎర్రనేలయు రెండును ఒకేచోట దొరకుట ఆ స్థలము యొక్క విశేషము. ఆ ప్రాంగణములోని జన్యునిధిలో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, రాగి, కొర్ర, సామ మొదలగు పంటల విత్తనములు లక్షా ఇరువది యైదు వేలకు మించిన నమూనాలుగా, 144 దేశములనుండి సేకరింపబడి యున్నవి. అందు జొన్నలే నలుబది వేలకు దగ్గర. లోనికి పోయినవారికి మొదట తెలియునది చలి. విత్తనమును పదునైదు డిగ్రీల చలిలో, తేమ లేని గాలిలో నెమ్మదిగా ఆరబెట్టి, నిత్యవినియోగమునకు కావలసినదానిని నాలుగు డిగ్రీలలోను, చిరకాలము ఉంచవలసినదానిని గాలి చొరని పొట్లములలో కట్టి సున్నకు క్రింద ఇరువది డిగ్రీలలోను నిలువచేయుదురు. ఎండలో ఆరి, బూడిదలో కలిసి, కుండలో నిద్రించు విత్తనము నాలుగైదేండ్లు బ్రతికినచో, ఇచ్చట దశాబ్దములు బ్రతుకును. అయినను మరణము దానికి తప్పదు. అందువలన అప్పుడప్పుడు కొన్ని గింజలు మొలకెత్తించి చూచి, మొలకశక్తి తగ్గినవానిని తీసి పొలమున విత్తి, ఇతర రకముల పుప్పొడి సోకకుండ కంకులకు సంచులు తొడిగి, కొత్త విత్తనము పట్టుదురు. లక్షకు పైబడిన కుటుంబములకు ఇట్లు సేవచేయుట ఎంత ఓపికతో కూడిన పనియో ఊహించుకొనవలసినదే.

ఇంత పెద్ద భాండారము పరిశోధకునకు వరమును, భారమును కూడ. బెట్టకు ఓర్చు శనగ కావలెనన్నచో వేలకొలది రకములను ఎవడు విత్తి చూడగలడు? అందులకై డాక్టర్ హరిదేవ్ ఉపాధ్యాయ యను శాస్త్రజ్ఞుడు మొత్తము సంపదలో నూటికి ఒకటవ వంతు మాత్రము తీసికొని, అందే వైవిధ్యమంతయు ఇమిడియుండునట్లు ఒక సారసంగ్రహమును కూర్చు పద్ధతిని 2001లో శనగతో ఆరంభించెను. దానిలో 211 రకములు. ఒక రైతు పొలములో నైనను ఈ 211 విత్తి చూడవచ్చును, ఎక్కడ ఏ గుణము కలదో తేల్చవచ్చును. శనగలో ఐసీసీ 4958 అను నమూనా వేళ్ళు లోతుగా, విరివిగా పారునవి. ఆ గుణమునకు సంబంధించిన జన్యుభాగమును గుర్తించి, బెట్టకు నిలుచు కొత్త శనగలలోనికి దించిరి. ఈ సంస్థ తన విత్తనములలో లక్షకు పైబడిన వాని ప్రతులను ఉత్తరధ్రువము దాపున స్వాల్‌బార్డు కొండలోని గిడ్డంగికి పంపినది. సిరియా యుద్ధమున అలెప్పోలోని సోదరసంస్థ తన నిధిని పోగొట్టుకొని 2015లో ఆ కొండనుండియే తన విత్తనములను తెప్పించుకొన్నందున, ఇది ఉబుసుపోక చేసిన పని కాదని తేలినది.

మన కందిపప్పు కథ నాకు అన్నింటికంటె ప్రియమైనది. కంది పుట్టినిల్లు భారతదేశమే. తూర్పుకనుమల అడవులలో కజానస్ కజానిఫోలియస్ అను అడవికంది పొదలుగా పెరుగును. సాగుకందికి మూలపురుషుడు అదే యని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. కంది దిగుబడి దశాబ్దములు ఎదుగూబొదుగూ లేక నిలిచిపోయినపుడు, జొన్నలో సజ్జలో వచ్చినట్లు సంకర విత్తనము తేవలెనని ప్రయత్నించిరి. దానికి పుప్పొడి లేని ఆడుమొక్కల వరుస కావలెను. ఎన్నో యేండ్ల శోధన పిమ్మట, ఆ అడవికంది కణద్రవ్యములోనికి సాగుకంది కేంద్రకమును తెచ్చినపుడు పుప్పొడి నిర్వీర్యమై, గింజ మాత్రము చక్కగా పట్టు మొక్క దొరకినది. తేనెటీగలు ప్రక్కవరుసనుండి పుప్పొడి తెచ్చి తక్కిన పని చేయును. పప్పుధాన్యములలో ప్రపంచమున మొదటిసారిగా ఈ విధమున వ్యాపారస్థాయిలో సంకర విత్తనము తయారైనది ఇక్రిశాట్ పొలములలోనే. తెలంగాణకు 2015లో విడుదలయైన సంకరమునకు మన్నెంకొండ కంది యని పేరు పెట్టిరి. రైతుల పొలములలో మామూలు రకములకంటె ముప్ఫై శాతమునకు పైబడి పండినట్టి అనుభవములు కలవు. మన్నెపు కొండలలో ఎవరికిని పట్టని ఆ పొద నరికివేయబడక నిలిచియుండుటవలననే ఇది సాధ్యమైనది. నేడు ఆ అడవులు తవ్వబడుచున్న వేగమును చూచినచో భయము కలుగుచున్నది.

శనగ విషయము సంక్షేపముగా చెప్పెదను. ఉత్తరదేశపు దీర్ఘమైన చలికాలమునకు అలవడిన శనగను, శీతకాలము పొట్టిదై మాఘమునకే ఎండలు ముదురు మన నేలకు తెచ్చుటకు పంటకాలమును కుదించిరి. శ్వేత, క్రాంతి, 1999లో వచ్చిన జేజీ 11 మొదలగు రకములు తొంబది నూరు దినములలో, నేలలోని తేమ ఇంకకముందే, వేడిమి రాకముందే కాపు ముగించుకొనును. ప్రకాశము, కర్నూలు, కడప, అనంతపురము జిల్లాల నల్లరేగడులు ఆ తరువాతి పదిపదునైదేండ్లలో శనగచేలై పచ్చబడినవి. కష్టమును ఓర్చుకొనుట ఒక మార్గమైనచో, కష్టము వచ్చుటకు ముందే దాటిపోవుట మరొక మార్గము.

ఇంతవరకు చెప్పినదంతయు చలిగదులకును, ప్రయోగశాలలకును సంబంధించిన సంగతి. చలిగదిలో విత్తనము బ్రతుకునే గాని ఎదుగదు. అది లోపల చేరిన నాటి వాతావరణమునే జ్ఞాపకముంచుకొని యుండును. పొలమున ఏటేట విత్తబడు విత్తనము మాత్రము ఆ యేటి ఎండను, ఆ యేటి పురుగును ఎదుర్కొని, నిలిచినవి మిగిలి, కాలముతోపాటు నడచును. అందుచేత జన్యునిధులు ఎంత అవసరమో, రైతుల చేతులలో విత్తనము ఆడుచుండుటయు అంతే అవసరమని నా దృఢాభిప్రాయము. దీనిని చూడగోరువారు పటాన్‌చెరువు దాటి అదే బాటన జహీరాబాదునకు పోవలెను.

జహీరాబాదు పరిసర గ్రామములలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అను స్వచ్ఛంద సంస్థ 1983నుండి పనిచేయుచున్నది. దానికి చిరకాలము సారథ్యము వహించిన పి.వి. సతీశ్‌గారు 2023లో కాలధర్మము చెందిరి. ఆ సొసైటీ గ్రామసంఘములలోని స్త్రీలు చాలవరకు దళితులు, ఎకరము రెండెకరముల ఎర్రనేలకో, చౌడునేలకో యజమానులు. ఒక్క చెలకలో పచ్చజొన్నతోపాటు కంది, పెసర, బొబ్బర, అనుము, సజ్జ, కొర్ర, నువ్వు, కుసుమ మొదలైనవానిని పదునైదు ఇరువది దాక కలిపి విత్తుదురు. వాన ముందే వెనుదీసినచో కొర్ర దక్కును, ఆలస్యముగా కురిసినచో కంది నిలుచును. ఏదో ఒకటి ఇంటికి రాకపోదు. నల్లరేగడిలో వానలు వెళ్ళిన పిమ్మట మంచు తేమతోనే పండు జొన్నకు, శనగకు, కుసుమకు వారు సత్యం పంటలని పేరు పెట్టుకొన్నారు. విత్తనమును బూడిదయు వేపాకును కలిపి బుట్టలలో పోసి మట్టితో మెత్తి భద్రపరచుదురు. ఒక కొలత అడిగి తీసికొన్నవారు పంట వచ్చినపుడు రెండు కొలతలు తిరిగి యిత్తురు గాని, విత్తనమునకు డబ్బు తీసికొనరు. ఏటేట సంక్రాంతి వేళ ఎడ్లబండ్లమీద ఈ విత్తనపు బుట్టలను పేర్చుకొని, పాటలు పాడుచు, ఊరూర తిరుగు పాత పంటల జాతర జరుగును. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమమువారి ఈక్వేటర్ బహుమానము ఈ సంఘముల స్త్రీలకు లభించినది.

ఈ స్త్రీలు చేయునది పాతదానిని పట్టుకొని వ్రేలాడుట కాదు. ఏ కంకి నిండుగా నున్నది, ఏది బెట్టలో కూడ పచ్చగా నున్నది, ఏ గింజకు పురుగు పట్టలేదు అని కోతకు ముందే చేను కలయదిరిగి విత్తనమునకు ఎన్నుకొనుట వారి పని. పంటల అభివృద్ధిశాస్త్రమునకు పునాది యదే. ప్రయోగశాలలోని వారును చెలకలోని వారును ఒకరి నొకరు గౌరవించి, విత్తనమును, జ్ఞానమును ఇచ్చిపుచ్చుకొన్నపుడే యీ రెండు సంపదలును పెరుగును. ఇక్రిశాట్ వారు యుద్ధములవలనను కరవులవలనను తమ విత్తనము పోగొట్టుకొన్న సోమాలియా, ఇథియోపియా మొదలగు దేశములకు వారి జొన్నలను వారికే తిరిగి పంపిరి. అట్లే మన పల్లెలనుండి ఒకనాడు సేకరించిన నాటురకములను ఆ పల్లెల సంఘములకే తిరిగి అప్పగించు పని పెద్దయెత్తున జరుగవలసియున్నది.

కడపట, ఇటీవలి వింత యొకటి. 2025 మే 4వ తేదీన కేంద్ర ప్రభుత్వము జన్యుసవరణ పద్ధతిన రూపొందిన రెండు వరి రకములను ప్రకటించినది. వానిలో కమల అను డీఆర్‌ఆర్ ధాన్ 100 రాజేంద్రనగరు సంస్థవారు సాంబ మసూరినుండి తీసినది. రెండవది కాటన్‌దొర సన్నాలనుండి ఢిల్లీ సంస్థవారు తీసిన పూసా డీఎస్‌టీ రైస్ 1. రెండును మన తెలుగువడ్లే. పరజాతి జన్యువును తేక, మొక్కలో నున్న జన్యువు అక్షరమునే దిద్దుట ఈ పద్ధతి. కమలకు కంకికి గింజలు పెరిగి, పంటకాలము మూడు వారములకు దగ్గరగా తగ్గినదని రూపకర్తలు చెప్పుచున్నారు. పంటకాలము తగ్గినచో నీరును తగ్గును; నూటనలువది దినముల బీపీటీకి అది చిన్నమేలు కాదు. కొందరు శాస్త్రజ్ఞులును, రైతుసంఘములును దీనిపై సందేహములు వెలిబుచ్చిరి. వానిలో ముఖ్యమైనది ఆ సవరణ పరికరములపై విదేశీయులకు గల మేధాస్వామ్య హక్కులను గురించినది. ఆ సందేహము న్యాయమైనదని నేను భావింతును. మన్నెంకొండ కందివంటి సంకరమునకు ఏటేట విత్తనము కొనక తప్పదు, దాని స్వభావమే యట్టిది. కమల సంకరము కాదు, దాని గింజను రైతు గాదెలో దాచుకొని మరుసటి యేడు విత్తినచో అట్లే పండును. రైతు తన పంటనుండి విత్తనము దాచుకొనుటకును, విత్తుటకును, ఇచ్చిపుచ్చుకొనుటకును, వ్యాపారముద్ర లేకుండ అమ్ముటకును హక్కు కలదని 2001 నాటి మొక్కల రకముల, రైతుహక్కుల పరిరక్షణ చట్టము చెప్పుచున్నది. ఆ హక్కు ఈ కొత్త రకములకును నిరాఘాటముగా వర్తించునని, పరికరముల స్వామ్యము ఎవరిదైనను రైతు గాదెవరకు దాని అధికారము రాజాలదని, విత్తనము పొలమునకు చేరకముందే ప్రభుత్వము స్పష్టమైన మాటలలో వ్రాసి యియ్యవలెను.